కాలు జారే చోట

తెలుగులో ఎక్కడం ఎప్పుడూ మంచి పనే. అందలం ఎక్కుతాం, గద్దె ఎక్కుతాం, మన పేరు పత్రికలకెక్కుతుంది. దిగడానికి ఆ మర్యాద లేదు. విలువలు దిగజారతాయి, సరుకు దిగనాసిది అవుతుంది. ఇక జారడం మాటకొస్తే, అది పూర్తిగా ఆడవాళ్ళ ఖాతాలోనే పడిపోయింది. మగవాడు వానలో కాలు జారి పడితే దెబ్బ ఎక్కడ తగిలిందని అడుగుతారు. ఆడమనిషి 'కాలు జారింది' అంటే దెబ్బ సంగతి ఎవరూ అడగరు, ఎవరితో అని అడుగుతారు.

నిటారు కొండ మీంచి సైకిల్ మీద దిగడం గురించి తెలుగులో రాద్దామని కూర్చుంటే ముందుగా అడ్డుపడింది ఈ మాటలే. ఈ పనిలో దిగడమే విద్య. జారడం రోజూ జరిగేదే. రాయి తడిగా ఉందా, టైర్లో గాలెంత, బరువు ఏ కాలి మీదుంది అన్న లెక్కే తప్ప దానికి శీలంతో ఏ సంబంధమూ లేదు. నలభై దాటాక ఒక కొండవాలు మీద తడి పలకరాయి నుంచి చక్రం జారి, పక్కనున్న గడ్డిలో కూలబడి, లేచి దులుపుకున్నప్పుడు నాకు కలిగిన తేలికదనానికి సగం కారణం ఇదేననుకుంటాను. జారాను. అంతే. ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

ఈ కొండలు ఇంగ్లండు వాయవ్య మూల, లేక్ డిస్ట్రిక్ట్‌లో ఉన్నాయి. అక్కడివాళ్ళు వీటిని 'ఫెల్స్' అంటారు. వెయ్యేళ్ళ కిందట వచ్చి స్థిరపడిన నార్స్ వాళ్ళు వదిలిన మాట అది. ఎత్తు చూస్తే నవ్వొస్తుంది. ఇంగ్లండులో మూడో ఎత్తైన హెల్వెలిన్ 950 మీటర్లు, మన అరకు లోయలో నేలే దాదాపు అంతెత్తున ఉంటుంది. అయితే పైన చెట్టు లేదు, నీడ లేదు, గాలికి అడ్డం లేదు. కింద ఎండ కాస్తుండగానే పైన మబ్బు దిగి పది అడుగుల ముందు ఏముందో కనిపించకుండా పోతుంది. జూన్ నెలలో కూడా చేతివేళ్ళు కొంకర్లు పోయిన రోజులున్నాయి. వేళ్ళు కొంకర్లు పోతే బ్రేకు పట్టలేం, బ్రేకు పట్టలేకపోతే ఇక ఈ వ్యాసం అక్కర్లేదు.

సైకిలూ స్త్రీ స్వేచ్ఛా అనగానే మన తరానికి 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు సైకిల్ నేర్చుకున్న వేలాది పల్లె స్త్రీలు గుర్తొస్తారు. వాళ్ళకి సైకిల్ అంటే బస్సు కోసం పడిగాపులు కాయక్కర్లేకపోవడం, నీళ్ళ బిందె మోసే దారి తగ్గడం. నాది ఆ సైకిల్ కాదు. జీతం, సెలవు రోజు, ఖరీదైన బండి ఉన్న మనిషి చేసే పని ఇది. ఆ తేడా చెప్పకుండా ముందుకు పోవడం నాకిష్టం లేదు.

మా జట్టులో ముగ్గురం. ఒకావిడ ఆస్పత్రిలో నర్సు. ఇంకొకావిడ బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యింది, అరవై రెండేళ్ళు. దిగేది గంటన్నర, దాని గురించి ఆలోచించేది వారం. ఆ వారమంతా టీచరమ్మ వంటింటి బల్ల మీద మ్యాపు పరిచే ఉంటుంది.

ముందు చట్టం. ఇక్కడ కొండ మీద కనిపించే ప్రతి దారిలోనూ సైకిల్ తొక్కే హక్కు లేదు. నడిచేవాళ్ళ దారులు వేరు, గుర్రాల దారులు వేరు. గుర్రపు దారుల్లో సైకిళ్ళకి హక్కు వచ్చింది 1968 నాటి కంట్రీసైడ్ చట్టంతో. అదీ నడిచేవాళ్ళకీ గుర్రాలకీ దారి వదలాలన్న షరతు మీద. మ్యాపులో నడక దారులు పొట్టి ఆకుపచ్చ గీతలు, గుర్రపు దారులు పొడుగు ఆకుపచ్చ గీతలు. హెల్వెలిన్‌కి పేరు తెచ్చిన కత్తి అంచులాంటి స్ట్రైడింగ్ ఎడ్జ్ మనకి కాదు. మన దారి గ్లెన్‌రిడింగ్ ఊరి నుంచి, 1962లో మూతపడ్డ గ్రీన్‌సైడ్ సీసపు గని పక్కగా, కెప్పెల్ కోవ్ మీదుగా శిఖరానికి, అక్కడి నుంచి దక్షిణంగా కొండ వెన్ను మీద డాలీవ్యాగన్ పైక్ దాకా, అక్కడి నుంచి మెలికలు తిరుగుతూ గ్రైజ్‌డేల్ టార్న్ అనే మడుగుకి, చివరగా గ్రైజ్‌డేల్ లోయ వెంబడి ప్యాటర్‌డేల్‌కి.

తర్వాత కాంటూరు గీతలు. మ్యాపు 25 వేలకి ఒకటి, గీతకీ గీతకీ 10 మీటర్ల ఎత్తు తేడా. రెండు గీతల మధ్య ఒక్క మిల్లీమీటరు ఎడం ఉందంటే, నేల మీద 25 మీటర్లు ముందుకు పోయేసరికి 10 మీటర్లు కిందికి దిగాలన్నమాట. డాలీవ్యాగన్ దగ్గర గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. అందుకే దారి నేరుగా దిగకుండా అటూ ఇటూ మలుపులు వేసుకుంటుంది. మలుపు మలుపుకీ టీచరమ్మ పెన్సిల్‌తో చుక్క పెడుతుంది. మ్యాపు చెప్పనిది ఒకటుంది, రాయి ఎలాంటిదన్నది. దాని కోసం ముందొక రోజు ఉత్త కాళ్ళతో ఎక్కి చూసొస్తాం. ఏ మెట్టు ఎత్తెంత, వాననీళ్ళు మళ్ళించడానికి దారికి అడ్డంగా నిలబెట్టిన రాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయి, పడితే ఎటు పడతాం, పడ్డచోట గడ్డి ఉందా లోయ ఉందా. వీటిలో చివరి ప్రశ్నే అసలైనది. కష్టమైన చోటు వేరు, ప్రమాదమైన చోటు వేరు. పడితే మోకాలు చెక్కుకుపోయే కష్టమైన చోట ఎన్నిసార్లైనా ప్రయత్నించొచ్చు. పడితే లేవలేని చోట, అది ఎంత సులువుగా కనిపించినా, సైకిల్ దిగి నడవాలి. కొండ దిగడానికీ సైకిల్ దిగడానికీ మనకి ఒకటే మాట ఉండటం నాకు బాగా నచ్చింది.

గాలి వేగం, పైన చలి, పొద్దుగూకే వేళ. డిసెంబరులో ఇక్కడ నాలుగు కాకముందే చీకటి. నడకకి 1892లో నైస్మిత్ చెప్పిన లెక్కొకటుంది. 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకీ ఇంకో గంట. వీపు మీద సైకిల్ మోస్తూ ఎక్కేవాళ్ళకి అది చాలదు, మేం సగం కలుపుకుంటాం. చలికాలంలో నేషనల్ పార్కు తరఫున ఒక మనిషి రోజూ హెల్వెలిన్ ఎక్కి పైన మంచెంతుందో, గాలెంతుందో చూసి చెప్తారు. ఆ సమాచారం చూసి సైకిళ్ళు కారులోంచి దించకుండానే వెనక్కొచ్చిన రోజులు మాకు చాలానే ఉన్నాయి. వాటినెవరూ సాహసం అనరు.

పథకం వెయ్యడం మనకి కొత్త కాదు కదా? తిరుపతి ప్రయాణానికి చద్దిమూట దగ్గర్నుంచి పిల్లాడి జ్వరం మాత్ర దాకా ఎవరి తలలో ఉంటాయి? నలుగురి కోసం ముందు ఆలోచించడం ఆడవాళ్ళ సహజగుణం అంటారు. అదే ఆలోచన ఆమె తన ఒంటి కోసం, తన సరదా కోసం చేస్తే అప్పుడది పంతం అవుతుంది. 'తిరిగి ఆడది, తిరక్క మగవాడు చెడతారు' అన్న సామెత వినని ఇల్లు మనలో ఎవరిది?

బండి సంగతి. నా బరువు 52 కిలోలు. కొన్నప్పుడు షాపులో ముందు ఫోర్కులో పెట్టిన గాలి ఒత్తిడి నాకంటే పాతిక కిలోలు ఎక్కువున్న మనిషికి సరిపోయేది. ఫోర్కు మనం ఎక్కి నిలబడగానే తన కదలిక నిడివిలో అయిదో వంతో, నాలుగో వంతో దిగాలి. నాకది చలించలేదు. ప్రతి రాయి దెబ్బా నేరుగా మణికట్టుకి తగిలేది. బ్రేకు లివరు నా వేళ్ళకి అందేది కాదు, మొత్తం చెయ్యి చాచి లాగాల్సొచ్చేది. చిన్న స్క్రూ తిప్పితే లివరు దగ్గరికొస్తుంది, పంపుతో గాలి తగ్గిస్తే ఫోర్కు మెత్తబడుతుంది. పది నిమిషాల పని. ఆ పది నిమిషాల ముందు దాకా, ఆడవాళ్ళ చేతుల్లో బలముండదన్న మాట నిజమేనేమో అనిపించేలా ఉంటుంది బండి. వంటింటి అటకల ఎత్తు దగ్గర్నుంచి ఇలాంటివి ఎన్ని చూళ్ళేదు మనం.

శిఖరం మీద నేల విశాలంగా, బల్లపరుపుగా ఉంటుంది. 1926లో ఇక్కడ ఒక విమానం దిగింది, దానికో రాయి ఉంది. 1805లో ఇక్కడ పడి చనిపోయిన ఛార్లెస్ గఫ్ అనే అతనికి ఇంకో రాయి ఉంది. మూడు నెలలు అతని శవం దగ్గరే కనిపెట్టుకుని ఉన్న కుక్కని కూడా ఆ రాయి మీద తలుచుకున్నారు. ఆడకుక్క. ఈ దారి మొత్తం మీద రాయికెక్కిన స్త్రీజాతి నాకైతే ఆ ఒక్కటే కనిపించింది. అదీ కాపలా కాసినందుకు.

అక్కడి నుంచి వెన్ను మీద సాఫీగా సాగి డాలీవ్యాగన్ చేరతాం. సీటు కిందికి దించేస్తాం, ఒంటికి అడ్డం రాకుండా. అక్కడి నుంచి మడుగు దాకా సుమారు 300 మీటర్ల దిగుడు. బరువంతా పాదాల్లో ఉండాలి, మడమలు కిందికి వంచాలి, మోకాళ్ళూ మోచేతులూ వదులుగా ఉండాలి. బ్రేకు మీద ఒక్కో వేలే. ముందు బ్రేకే బండిని ఆపేది. దాన్ని భయంతో గుప్పిట పట్టి నొక్కితే తలకిందులవుతాం, భయంతో అసలు ముట్టకపోతే ఆగం. పట్టున్న రాతి మీద వేగం తగ్గించుకుని, వదులు రాళ్ళ మీద బ్రేకు వదిలెయ్యాలి. ఇది అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. జారే చోటే వదలాలి, జారని చోటే పట్టుకోవాలి. వెనక చక్రం ఈడ్చకూడదు. మన కోసం మాత్రమే కాదు, ఈడ్చిన చార వానకి కాలవవుతుంది. ఈ దారుల్లో చేత్తో రాళ్ళు పరిచి బాగుచేసే 'ఫిక్స్ ద ఫెల్స్' వాళ్ళు, వాలంటీర్లు, వాన్లో తడుస్తూ పనిచెయ్యడం మేం చూశాం.

ఇరుకు మలుపుల్లో నర్సు ముందు బ్రేకు మెల్లగా బిగించి, వెనక చక్రం గాల్లోకి లేపి, నడుంతో పక్కకి తిప్పి దింపుతుంది. చీపురు తిప్పినంత సులువుగా. నాకు రాదు. మూడో మలుపు దగ్గర పక్కన ఏటవాలు మరీ ఎక్కువ, అక్కడ దిగుతానని వంటింటి బల్ల దగ్గరే అనుకున్నాను, దిగాను. వెనక నుంచి నడిచొస్తున్న ఒక పెద్దమనిషి "పరవాలేదమ్మా, భయపడ్డంలో తప్పేం లేదు" అని ఓదార్చాడు. మంచివాడే. కాని నాకు ఓదార్పు దేనికి?

భయం గురించి ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మనకి చిన్నప్పుడే దాన్ని గుణం కింద నేర్పిస్తారు, 'భయభక్తులు' అని భక్తితో ముడేసి మరీ. చీకటి, వీధి, ఎత్తు, నవ్వు, అన్నిటికీ ఒకటే భయం. కొండ మీద ఆ ముద్దని విడదియ్యాల్సొస్తుంది. ఇది రాయి చెప్పే భయమా, మా అమ్మ ఫోనులో "పిల్లల తల్లివి, నీకిదేం బుద్ధే?" అన్న భయమా? మొదటిది వినాలి. రెండోది కూడా ప్రేమే, కాదనను. కాని అది మలుపు మధ్యలో చెవిలో పడితే చూపు చక్రం ముందున్న రాతికి అతుక్కుపోతుంది. చూపు ఎక్కడుంటే బండి అక్కడికే పోతుంది.

ఆ రెండో మాట మా అమ్మది మాత్రమే కాదు. ఆలిసన్ హార్‌గ్రీవ్స్ 1995 మే నెలలో సిలిండరు ఆక్సిజన్ లేకుండా, ఎవరి సాయమూ తీసుకోకుండా ఎవరెస్ట్ ఎక్కింది. అదే ఏడాది ఆగస్టులో కె2 శిఖరం ఎక్కి, దిగుతూ తుఫానులో చనిపోయింది. 33 ఏళ్ళు, ఇద్దరు చిన్నపిల్లలు. బ్రిటిష్ పత్రికల్లో కొందరు, తల్లయ్యుండి ఎలా వెళ్ళిందని రాశారు. కొండల్లో చనిపోయిన తండ్రులెందరో ఉన్నారు, వాళ్ళ పిల్లల్ని ఇలా లెక్కపెట్టిన వాళ్ళు అరుదు. ఆమె చేసింది సరైనదా అని నన్నడిగితే నా దగ్గర జవాబు లేదు. నాకూ పిల్లలున్నారు, నేను కె2 ఎక్కను. కాని ఆ ప్రశ్న ఆమెనే ఎందుకడిగారన్నది మాత్రం నాకు తెలుసు.

మడుగు దాటి లోయలోకి మలుపు తిరిగే చోట ఇంకో రాయి ఉంది, 'అన్నదమ్ములు విడిపోయిన రాయి'. 1800 సెప్టెంబరు 29న కవి విలియం వర్డ్స్‌వర్త్ తన తమ్ముడు జాన్‌ని ఇక్కడ సాగనంపాడు. ఓడ కెప్టెనైన జాన్ 1805లో సముద్రంలో మునిగి చనిపోయాడు. తర్వాత విలియం కవితా పాదాలు ఈ రాతి మీద చెక్కించారు, ఇప్పుడవి బాగా అరిగిపోయాయి. అయితే ఆ రోజు ఇక్కడ నిలబడింది ఇద్దరు కాదు, ముగ్గురు. చెల్లెలు డొరొతీ కూడా ఉంది. ఆ రోజు జాన్‌ని సాగనంపిన సంగతి తన డైరీలో రాసి పెట్టింది ఆవిడే. 1818లో స్నేహితురాలు మేరీ బార్కర్‌తో కలిసి ఇంగ్లండులోకెల్లా ఎత్తైన స్కాఫెల్ పైక్ ఎక్కి, దాని గురించి ఉత్తరం రాసింది కూడా ఆవిడే. 1822లో అన్న వేసిన గైడు పుస్తకంలో ఆ వర్ణన వచ్చింది, ఆమె పేరు రాలేదు.

టీచరమ్మ మ్యాపు తీసి, ఆ రాయి గుర్తు పక్కన పెన్సిల్‌తో 'డొరొతీ' అని రాసి, మడిచి సంచిలో పెట్టుకుంది.

అక్కడి నుంచి ప్యాటర్‌డేల్ దాకా లోయ వెంబడి ఇంకో 400 మీటర్ల దిగుడు. పైన భాగం మెట్లూ, అడ్డరాళ్ళూ. కింద భాగం గొర్రెలూ, తీసి మళ్ళీ వెయ్యాల్సిన గేట్లూ. ఆ రోజు నేను రెండు చోట్ల సైకిల్ దిగాను. టీచరమ్మ ఒక్క చోట దిగింది. నర్సు ఎక్కడా దిగలేదు. ఆవిడకి ఆ రాత్రి డ్యూటీ ఉంది.