ముందు అడుగు, తర్వాత విప్పు

రైలు దిగిన కొత్తవాళ్లు మా ఊరి స్టేషన్ బోర్డు చూసి తికమకపడేవాళ్లు. దిగింది కొత్తగూడెంలో, బోర్డు మీద ఉన్నది భద్రాచలం రోడ్డు. రాములవారి దర్శనానికి పోయేవాళ్లకు అది దారి. మాకు ఆ పట్టాల మీద ఎక్కువగా కనిపించేది బొగ్గు. 1980ల చివర మేముండింది ఆ ఊరిని ఆనుకుని ఉన్న రుద్రంపూర్‌లో, సింగరేణి బొగ్గు గనుల క్వార్టర్ల వరుసలో. తెల్లారకముందే ముంగిళ్లలో బొగ్గు పొయ్యిలు రాజుకునేవి. దండెం మీద ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేవి. వాకిట్లో నిలబెట్టిన బళ్ల సీట్ల మీద వేలితో పేర్లు రాసుకునేవాళ్లం.

ఆ పొగలోనే, మొదటి షిఫ్టు వేళకు, ఇంటింటి ముందూ కిక్కుల చప్పుడు మొదలయ్యేది. బొగ్గు బాయి దగ్గర మస్టరు పడాలంటే వేళకు చేరాలి. ఆలస్యమైతే ఆ రోజు నాగా. అందుకే బండి స్టార్ట్ కాకపోవడం మా వీధిలో ఒక్క ఇంటి సంగతిగా ఉండేది కాదు. నాలుగు కిక్కులకు ఇంజన్ అందుకోకపోతే పక్కింటాయన పళ్ల పుల్ల నోట్లో పెట్టుకునే వచ్చేవాడు. ఎదురింటాయన తన బండి ఆపి దిగేవాడు. తలా ఒక సలహా, తలా నాలుగు కిక్కులు. అయినా కదలకపోతే ఇద్దరు వెనక నుంచి తోసేవాళ్లు. రెండో గేరులో క్లచ్ వదిలితే బండి ఒక్కసారి తుమ్మి, వీధంతా నీలంపొగ నింపి పోయేది.

మా నాన్న లాంప్ రూంలో పనిచేసేవాడు. బాయిలోకి దిగేవాళ్లకు నెత్తిన పెట్టుకునే దీపాలూ, నడుముకు కట్టుకునే బ్యాటరీలూ ఇచ్చి, పైకొచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం అక్కడి పని. ఆయన బండి పాత యెజ్డీ. మైసూరులో తయారైన ఆ బండికి గేరు రాడ్డూ కిక్ రాడ్డూ ఒకటే. ఎడమ కాలి దగ్గరున్న గేరు రాడ్డును లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్ రాడ్డయ్యేది. కిక్కు కొట్టి, ఇంజన్ పలికాక దాన్ని మళ్లీ కిందికి దించితే గేర్లు. చుట్టాల పిల్లలొస్తే ఈ వింత చూపించడం నా వంతు.

బండి పాతదే కానీ గట్టిది. మొరాయించిందంటే చాలావరకు బొగ్గుపొడి, వాన, వయసు కలిసి చేసిన పనే. అప్పుడు నాన్నా నేనూ దాన్ని కాలనీ మూలమీది రేకుల షెడ్డుకు నడిపించుకుపోయేవాళ్లం. కానుగచెట్టు కింద ఆ షెడ్డు. దాని యజమానిని నాన్న భాయ్ అనేవాడు, మేం పిల్లలం చాచా అనేవాళ్లం. కిరోసిన్ గిన్నె, ఎమిరీ పేపరు ముక్కలు, మైకో ప్లగ్గుల ఖాళీ డబ్బాలు, నల్లబడ్డ చెక్క స్టూలు ఆయన సరంజామా. పానా చేతిలోకి తీసుకునే ముందు ఆయన మాట్లాడేవాడు.

“రాత్రి మంచిగనే నడిచిందా అన్నా? నడుస్తనడుస్త ఆగిందా, ఆగినంక లేస్తలేదా? వానల తడిసిందా?”

నాన్న చెప్పేది పూర్తిగా విని అప్పుడు లేచేవాడు. నేను తొందరపడి ప్లగ్ పానా అందిస్తే తీసుకునేవాడు కాదు. “ముందుగాల అడుగు బేటా, తర్వాత ఇప్పు” అనేవాడు. నడుస్తూ నడుస్తూ మెల్లగా నీరసించి ఆగిన బండి ఒక చోటికి దారి చూపిస్తుందనీ, దీపం ఆర్పినట్టు టక్కున ఆగిన బండి ఇంకో చోటికి చూపిస్తుందనీ ఆయన లెక్క. మొదటిది ఎక్కువగా పెట్రోలు సంగతి, రెండోది కరెంటు సంగతి. మా దగ్గర ప్లగ్గు నిప్పును కరెంటనే అంటారు.

పెట్రోలు విచారణ ట్యాంకు మూత దగ్గరే మొదలయ్యేది. మూతకు గాలి పోవడానికి సన్నని రంధ్రం ఉంటుంది. అది బొగ్గుపొడితో మూసుకుపోతే ట్యాంకులోకి గాలి రాక పెట్రోలు కిందికి దిగదు. కొంత దూరం పోయి బండి ఆగుతుంది, కాసేపయ్యాక మళ్లీ లేస్తుంది. చాచా మూత వదులు చేసి చూసేవాడు. అంతటితో తేలిపోతే డబ్బులు తీసుకునేవాడు కాదు. తేలకపోతే కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి, ట్యాప్ తిప్పి, ధార ఎలా పడుతోందో చూసేవాడు. ధార బాగుంటే కార్బురేటర్ మీది చిన్న బొడిపెను నొక్కేవాడు. లోపల ఫ్లోటు మునిగి పెట్రోలు పొంగి బయటికి రావాలి. చలికాలం పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు కూడా అదే చేసేవాళ్లం. రాకపోతే కార్బురేటర్ విప్పక తప్పదు.

విప్పడంలోనూ ఆయనకు పట్టింపులున్నాయి. జెట్టులో నలక ఉంటే నోటితో ఊదేవాడు, లేదా సైకిలు పంపు పెట్టేవాడు. తీగముక్క దూర్చనిచ్చేవాడు కాదు. ఇత్తడి మెత్తన, తీగ గీరితే రంధ్రం పెద్దదవుతుంది, ఆ తర్వాత బండి జీవితాంతం పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఫ్లోటును చెవి దగ్గర పెట్టి ఆడించి చూడమని నాకిచ్చేవాడు. లోపల పెట్రోలు కదిలిన చప్పుడు వస్తే దానికి చిల్లు పడ్డట్టే. చిల్లుపడ్డ ఫ్లోటు తేలదు, పెట్రోలు ఆగకుండా పొంగి ఇంజన్ ముంపుకు గురవుతుంది.

కరెంటు విచారణ ప్లగ్గుతో. విప్పిన ప్లగ్గును ఆయన ముందు చూపుతో చదివేవాడు. పొడిగా ఉంటే పెట్రోలు లోపలికి చేరలేదు. తడిగా ఉంటే పెట్రోలు చేరింది, నిప్పు చేరలేదు. జిడ్డుగా, నల్లగా ఉంటే ఆయిల్ ఎక్కువ పడింది. యెజ్డీ లాంటి టూ స్ట్రోక్ బండికి పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి, లీటరుకు 30 నుంచి 40 మిల్లీలీటర్ల దాకా. బండి మీద మమకారం ఎక్కువైనవాళ్లు ఇంకాస్త పోయించేవాళ్లు. ఆ మమకారమే ప్లగ్గు మీద మసిగా పేరుకునేది.

తుడిచిన ప్లగ్గును టోపీలో పెట్టి, ఇంజన్ తలకు ఆనించి, కిక్కు కొట్టమనేవాడు. ఎండలో నిప్పు కనపడదు కాబట్టి నేను చొక్కా అంచు అడ్డం పెట్టి వంగి చూడాలి. నీలంగా, చిటచిటమని పడితే కరెంటు బాగున్నట్టు. ఎర్రగా, నీరసంగా పడితే వెనక్కి వెళ్లాలి. ముందు ప్లగ్ టోపీ, తర్వాత వైరు, ఆ తర్వాతే కుడివైపు మూత. మూత తీస్తే డైనమో, దాని చివర పాయింట్లు. వాటి ముఖాలు నల్లబడి గుంటలు పడి ఉంటే ఎమిరీ పేపరుతో రుద్ది, ఆ పొడి మిగలకుండా మామూలు కాగితం మడిచి వాటి మధ్య నుంచి లాగేవాడు. పూర్తిగా విడిపోయినప్పుడు వాటి మధ్య సందు 0.4 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉండాలి. ఫీలర్ గేజ్ ఆకు దూర్చి, అది బిగుతుగా కాకుండా, వదులుగా కాకుండా జారేదాకా స్క్రూ సర్దేవాడు. ఒకసారికి ఒక్కటే మార్చేవాడు. మార్చాక కిక్కు కొట్టి చూసేవాడు. రెండు కలిపి మార్చితే ఏది దొంగో తెలియదని ఆయన వాదన.

ఒక ఎండాకాలం మా బండికి విచిత్రమైన జబ్బు చేసింది. పొద్దున ఒక్క కిక్కుకే లేచేది. మధ్యాహ్నం బాగా తిరిగి వేడెక్కాక ఆపితే ఇక లేచేది కాదు. నీడలో పెట్టి ఇంజన్ చల్లారేదాకా కూర్చుంటే, ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అయ్యేది. వీధిలో తలా ఒకటి చెప్పారు. ప్లగ్గన్నారు, కార్బురేటరన్నారు, పిస్టన్ పట్టేస్తోందన్నారు. చాచా మాత్రం బండిని చల్లగా ఉన్నప్పుడు చూడనన్నాడు. “వేడి మీద పట్టుకొని రా” అని నాన్నకు చెప్పాడు. పాల్వంచ రోడ్డు దాకా తిప్పి, ఆగిపోయిన బండిని ఎండలో తోసుకొచ్చాం. తడిగుడ్డ తెచ్చి కాయిల్ మీద వేశాడు. కాయిల్ చల్లారినా నిప్పు బలపడలేదు. అప్పుడు పాయింట్ల మూత తీసి కిక్కు కొట్టమన్నాడు. ప్లగ్గు దగ్గర ఉండాల్సిన నిప్పు పాయింట్ల మధ్య ఎగురుతోంది. అలా ఎగరకుండా ఆపాల్సిన కండెన్సర్ వేడెక్కితే చేతులెత్తేస్తోందన్నమాట. దాని తీగ విడదీసి, ఇంకో బండి నుంచి తీసిన మంచి కండెన్సర్‌ను బయటి నుంచే తగిలించాడు. ఇంజన్ ఆ వేడిమీదే పలికింది. వస్తువు చిన్నది, ఖరీదూ తక్కువ. దాన్ని పట్టుకోవడానికి కావలసింది జబ్బు బయటపడే వేళకు చూడాలన్న తెలివి.

కిక్ రాడ్డుకూ తన రోగాలున్నాయి. పళ్లు అరిగితే రాడ్డు ఊరికే కిందికి జారుతుంది, ఇంజన్ తిరగదు. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ ఇంజన్‌లోకి చేరి, స్టార్ట్ కావడం కష్టమై, అయ్యాక వీధంతా తెల్లపొగ. ఆ పొగ చూస్తే చాచా ఏమీ అడిగేవాడు కాదు, రెండు రోజులు బండి వదిలిపెట్టమనేవాడు.

వీధిలో ఒక్కో బండికి ఒక్కో తంతు. చేతక్ ఉన్నాయన పొద్దున్నే స్కూటర్‌ను ఒక పక్కకు వంచి, కాసేపు అలాగే పట్టుకుని, లేపి కిక్కు కొట్టేవాడు. బుల్లెట్ ఉన్నాయనది ఇంకా పెద్ద పూజ. హెడ్‌లైటు మీది ఆమ్మీటర్ ముల్లు చూస్తూ రాడ్డును కాలితో మెల్లగా నొక్కేవాడు. ముల్లు మధ్యకు రాగానే ఆపి, ఎడమచేతి దగ్గరున్న చిన్న లివర్ పట్టుకుని పిస్టన్‌ను కొద్దిగా దాటించి, రాడ్డును పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేసి తొక్కేవాడు. ఈ వరస తప్పితే రాడ్డు ఎదురుతన్నేది. అలా పిక్క వాచి కుంటుతూ డ్యూటీకి పోయినవాళ్లను చూశాం.

బ్యాటరీ విషయంలో మాత్రం చాచా కూడా నాన్న మాటే వినేవాడు. లాంప్ రూంలో రోజూ వరుసలకొద్దీ బ్యాటరీలు చూసిన చెయ్యి నాన్నది. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడిని సోడా ఉప్పు కలిపిన వేన్నీళ్లతో కడిగి, ఆరాక గ్రీజు రాసేవాడు. గీత దిగిన గదిలో డిస్టిల్డ్ వాటర్ పోసేవాడు, నల్లా నీళ్లు పోయనిచ్చేవాడు కాదు. బ్యాటరీ పాడైందని పారేసేముందు దాని ఎర్తు వైరు రెండో కొస ఎక్కడ బిగించి ఉందో వెతికి, అక్కడి తుప్పు గీకమనేవాడు. కరెంటు పోయే దారి ఎంత ముఖ్యమో తిరిగొచ్చే దారీ అంతే ముఖ్యమని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఈ సందడంతా తలచుకుంటే ముచ్చటేస్తుంది. కానీ గుర్తు తెచ్చుకున్నకొద్దీ ఒక సంగతి తేటపడుతుంది. ఆ గుంపులో ఉన్నవాళ్లంతా మగవాళ్లు. అమ్మ గుమ్మంలో టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడేది. చెల్లె కిటికీలోంచి చూసేది. ప్లగ్గు చూడు రమ్మని చాచా గానీ నాన్న గానీ నేను గానీ దాన్ని పిలవలేదు. బండి స్టార్ట్ చేయడానికి కాలి బలం కావాలన్నారు, స్టార్ట్ చేయలేనివాళ్లకు బండి ఎందుకన్నారు. అక్కడితో ఆ మాట ముగిసింది.

దాన్ని మళ్లీ మొదలుపెట్టింది ఒక బటన్. గేర్లు లేని, సెల్ఫ్ ఉన్న స్కూటర్లు మా ఊరికీ వచ్చాయి. చెల్లె టీచరుగా చేరాక పాత స్కూటరొకటి కొనుక్కుంది. దాన్ని లేపడానికి వీధిలో ఎవరినీ పిలవాల్సిన అవసరం లేకపోయింది. నాన్న మోకాళ్లు అరిగిపోయిన రోజుల్లో ఆ బటన్ నొక్కి చూసి, “ఇది ముందే వస్తే బాగుండు” అన్నాడు.

సెల్ఫ్‌కూ జబ్బులు రాకపోవు. చెల్లె స్కూటర్ ఒక వానాకాలం పొద్దున టిక్కుమని ఆగిపోయింది. నేనప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాను. ఫోన్ చేసి సలహా అడగలేదు, అప్పటికే తేల్చుకున్న సంగతులు చెప్పింది. బటన్ నొక్కితే అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, బ్రేకు దగ్గరి స్విచ్చు చూడాలి. టిక్కుమన్నప్పుడు హెడ్‌లైటు మసకబారితే బ్యాటరీ గానీ టెర్మినల్ గానీ. లైటు తగ్గకుండా టిక్కుమంటే రిలే లోపలి కాంటాక్టులో, మోటారు బ్రష్షులో కాలిపోయి ఉండాలి. మోటారు గిర్రున తిరిగి ఇంజన్ తిరగకపోతే రెండింటినీ కలిపే క్లచ్ అరిగినట్టు. తనది మసకబారిన లైటు. మీటరు పెట్టి చూసింది. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించిన బ్యాటరీ, బటన్ నొక్కినా దాదాపు అక్కడే నిలబడింది. మోటారు దగ్గర చూస్తే మాత్రం వోల్టులు సగం కూడా లేవు. అంటే బ్యాటరీ బాగుంది, మధ్యలో దారి పాడైంది. ఎర్తు వైరు బోల్టు విప్పితే కింద పచ్చటి తుప్పు. గీకి బిగించాక బండి లేచిందని చెప్పింది. లైటు మసకబారడానికి కారణం కూడా ఆ వైరేనని చివరికి గానీ తెలియలేదంది.

ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావంటే, “కిటికీలోంచి వినపడేది కదన్నా” అంది. మా వీధిలో బడి నడిచినంత కాలం దాని పేరు హాజరు పట్టీలో లేదు. పాఠం మాత్రం నాకంటే శ్రద్ధగా విన్నది అదే.