హాలోవీన్ మరల చూచినప్పుడు

అమెరికా దర్శకుడు జాన్ కార్పెంటర్ 1978లో తీసిన ‘హాలోవీన్’ చిత్రాన్ని మేము తొలిసారి చూచినది 1991 వేసవిలో, బరంపురంలో. వీధివారు చందాలు వేసుకొని ఒక రాత్రికి వీసీఆర్ అద్దెకు తెచ్చారు. రెండు క్యాసెట్లు భక్తి చిత్రాలవి. మూడవదిగా దుకాణదారు దీనిని ఎందుకిచ్చాడో అతనికే తెలియాలి. మాకప్పుడు పదేండ్లు. కాలేజీలో చదివే ఒడియా అబ్బాయి ఒకడు ఇంగ్లీషు మాటలకు ఒడియాలో అర్థం చెప్పగా, దానిని తెనిగించి మా నాయనమ్మకు విన్నవించే పని మాది. ఆమె సగంలో, “ఆ ముసుగువాణ్ణి కన్నతల్లి ఎవరర్రా?” అని అడిగి నిద్రపోయింది. మాకు నిద్ర పట్టలేదు.

ముప్పయి ఏండ్లు దాటిన తరువాత ఈ మధ్య మా అమ్మాయితో కూర్చొని మరల చూచాము. చిత్రమేమంటే, ఇన్నాళ్లూ మా తలలో పారిన నెత్తురు తెరమీద చాల కొద్ది. భయపెట్టినదంతా సంగీతం. దర్శకుడే కట్టిన ఆ పియానో వరుసది అయిదు లెక్కల నడక. నాలుగుకు అలవాటు పడిన చెవి ప్రతిసారీ తూలుతుంది. ఇక ఆ ముసుగు, ‘స్టార్ ట్రెక్’లోని కెప్టెన్ కిర్క్ ముఖానికి తెల్లరంగు పూసినది. మొత్తం ఖర్చు సుమారు 3 లక్షల డాలర్లు. వసంతకాలంలో కాలిఫోర్నియాలో తీస్తూ, శిశిరం అనిపించడానికి ఆకులకు రంగువేసి చల్లి, దృశ్యం కాగానే ఏరుకొని మరల వాడుకున్నారు. మా గుమాస్తా బుద్ధికి ఈ పొదుపు మహా నచ్చింది. కాని ఆరు గుండ్లు తిని మేడమీది నుండి పడినవాడు మాయమవడమేమిటి? మన రాక్షసులకైనా ఏదో ఒక వరముండేది!

చిన్నప్పుడు మేము గమనించని ఘట్టం ఒకటున్నది. లోరీ అనే పదిహేడేండ్ల పిల్ల ప్రాణభయంతో పరుగెత్తి పొరుగింటి తలుపు బాదుతుంది. లోపల దీపం వెలుగుతుంది. కిటికీ తెర సందునుండి ఎవరో చూస్తారు. దీపం ఆరిపోతుంది. అంతే. చివరకు, ఆమె కాపలా ఉన్న చిన్నపిల్లవాడే నిద్రకళ్లతో మెట్లు దిగి వచ్చి తలుపు తీస్తాడు.

మా అమ్మాయికీ పదిహేడే. ట్యూషను నుండి రాత్రి తొమ్మిదిన్నరకు వస్తుంది. మా పాత వీధిలో అన్ని ఇండ్లకూ ఒకటే వసారా. ఎవరు దగ్గినా పదిమంది లేచేవారు. ఇప్పుడున్నది ఇరవైనాలుగు వాటాల మేడ, అన్నీ మూసిన తలుపులు. దీపం ఆరినప్పుడు మేము అమ్మాయి వంక చూచాము. ముసుగువాడు వచ్చినప్పుడు నవ్వుతూ కూర్చున్న పిల్ల, అక్కడ నవ్వలేదు.

“నాన్నా, మన ఎదురింట్లో ఎవరుంటారు?” అని అడిగింది.

మరునాడు మా ఇంటావిడ ఒక గిన్నెలో పులిహోర పెట్టుకొని వెళ్లి అడిగి వచ్చింది. ఈ నెలలోనే కటకం నుండి వచ్చారట. వారికీ ఆ ఈడు పిల్ల ఉన్నదట.