ఇసుక సంచులు, బిగబట్టిన ఊపిరి

సీటీ స్కాన్ గదిలో ఇసుక సంచులు తప్పకుండా ఉండేవి. తలకు చెరో పక్కన ఆనించి, నుదుటి మీదుగా పట్టీ బిగించేవాళ్లం. పొట్ట స్కాన్ అయితే మైకులో ఒకటే పాట: "గాలి పీల్చండి... బిగబట్టండి... కదలకండి... ఇక వదలండి." చెవులు సరిగా వినపడని పెద్దవాళ్లు వదలమన్నా వదిలేవారు కాదు. లోపలికి పరుగెత్తి, "అయిపోయింది, వదిలెయ్ పెద్దమ్మా" అని భుజం తట్టాల్సి వచ్చేది. పసివాళ్లయితే తల్లికి సీసపు ఏప్రన్ తొడిగి పక్కనే నిలబెట్టేవాళ్లం.

యంత్రం పుట్టినప్పుడు ఇంతకంటే కష్టం. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో సీటీని కనిపెట్టిన హౌన్స్‌ఫీల్డ్ యంత్రం కింద మొదటి రోగి పడుకుంది. ఒక్కో పొరకు నాలుగైదు నిమిషాలు తల కదపకూడదు. ఎందుకంటే సీటీ బొమ్మ ఒక్క దెబ్బకు తీసేది కాదు, చుట్టూ ఎన్నో కోణాల కొలతలను లెక్కగట్టి కూర్చేది. మధ్యలో తల కదిలితే ముందు కొలతలకూ తర్వాతి వాటికీ పొంతన కుదరదు. ఆ తేడా చారలై బొమ్మంతా పరుచుకుంటుంది. ఎమ్మారైలోనైతే ఊపిరికి లేచిపడే పొట్ట తాలూకు నీడలు వరసగా కాలేయం మీద పడేవి. ఆ నీడ చాటున గడ్డ ఉందో లేదో ఎవరు చెప్పగలరు? రోగి మళ్లీ రావాలి. మళ్లీ బస్సు చార్జీలు, ఇంకో రోజు కూలి గోవిందా. రిపోర్టులో మాత్రం "రోగి సహకరించలేదు" అని ఒక్క ముక్క.

ఎమ్మారైలో ఈ కదలికను పట్టుకోవడానికి 1989లో ఎహ్‌మన్, ఫెల్మ్‌లీ అనే పరిశోధకులు నావిగేటర్ పద్ధతి చెప్పారు: అసలు కొలతల నడుమ చిన్న కొలత ఒకటి అదనంగా తీసి, శరీరం ఎంత జరిగిందో పట్టుకోవడం. నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1999లో జేమ్స్ పైప్ ప్రకటించిన ప్రొపెల్లర్. అందులో కొలతలను పట్టీలుగా, పట్టీ పట్టీకీ కోణం తిప్పుతూ తీస్తారు. ప్రతి పట్టీ నడిమి భాగాన్ని మళ్లీ కొలుస్తుంది. ఆ ఉమ్మడి భాగాన్ని పోల్చుకుంటే తల ఎంత తిరిగిందో, ఎంత జరిగిందో తెలిసిపోతుంది. అది సరిదిద్దాకే బొమ్మ కడతారు. తల వణికే తాతను కట్టిపడేసే పని తగ్గింది. కదలడం రోగి తప్పు కాదని, దాన్ని చూసుకోవలసింది లెక్కేనని ఒప్పుకున్న పద్ధతి అది.

ఊపిరి బిగబట్టమనే మాట ఇంకా పూర్తిగా పోలేదు. బిగబట్టలేకపోతే పడుకోకముందే టెక్నీషియన్‌తో చెప్పండి. ఊపిరి ఆడుతుండగానే ఎమ్మారై తీసే మార్గాలు ఇప్పుడున్నాయి.