పెద్దవారి మౌనం

ఆరాధనకు రాలేని పెద్దవారి పేర్లు రాసుకొనే నోటు పుస్తకం ఒకటి మా సంఘంలో ఉంది. ఉద్యోగ విరమణ తరువాత సంఘకాపరి గారు దానిని మా దంపతులకు అప్పగించారు. ప్రతి గురువారం సాయంత్రం ఆ ఇళ్లకు వెళ్లి, కాసేపు కూర్చుని, వాక్యం చదివి, ప్రార్థన చేసి రావడం మా పని. మొదట్లో పదకొండు పేర్లు ఉండేవి. ఇప్పుడు ఇరవై మూడు. ఈ పరిచర్యలో మేము చూసినవి, నేర్చుకున్నవి పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఒంటరితనం అంటే ఇంట్లో ఎవరూ లేకపోవడమని చాలామంది అనుకుంటారు. మేము చూసినంతలో అది సగమే నిజం. కొడుకు, కోడలు, మనవలు ఉన్న ఇంట్లోనే ఒక రిటైర్డు హెడ్మాష్టారు గారు దాదాపు ఏడాది పాటు ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడలేదు. ఆయనకు చెవులు మందగించాయి. చెప్పిన మాట మళ్లీ చెప్పమని అడగడం నామోషీ. అడిగితే ఇంట్లోవారు గట్టిగా చెప్పేవారు. ఆ గొంతు ఆయనకు విసుగులా తోచేది. కొన్నాళ్లకు అడగడం మానేశారు. ప్రసంగం వినబడక గుడికి రావడమూ మానేశారు. “మామయ్యగారికి ఈమధ్య దేనిమీదా ధ్యాస లేదండి, వయసు కదా” అని కోడలు అన్నది. తీరా చెవి డాక్టరు చూస్తే ఒక చెవి నిండా గులిమి గట్టిపడి ఉంది. రెండో చెవికి మిషను పెట్టారు. అలవాటు పడటానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు ఆయన ముందు బెంచీలో కూర్చుంటున్నారు. ఎవరైనా శ్రుతి తప్పి పాడితే వెనక్కి తిరిగి చూస్తున్నారు!

ఇది చిన్న విషయం కాదు. లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల బృందం 2024లో ఒక నివేదిక ఇచ్చింది. మతిమరుపు జబ్బుకు దారితీసే కారణాలలో మనం సరిచేసుకోగలిగినవి 14 ఉన్నాయని అందులో చెప్పారు. బీపీ, షుగరు, పొగతాగడం వంటి వాటితో పాటు చెవుడు, మనోవ్యాధి, నలుగురితో కలవకపోవడం కూడా ఆ పట్టికలో ఉన్నాయి. “వయసు కదా” అని మనం వదిలేసే వాటిలో కొన్నింటికి మందు ఉంది, కొన్నింటికి మనిషి తోడు చాలు.

ఇక ఒక అమ్మగారి సంగతి చెప్పాలి. ఆమె అనుమతితోనే రాస్తున్నాం. భర్త పోయి నాలుగేళ్లయింది. కొడుకు అమెరికాలో, కూతురు హైదరాబాదులో ఉన్నారు. నెలనెలా డబ్బు వస్తుంది, పనిమనిషి వస్తుంది, ప్రతి ఆదివారం రాత్రి వీడియోలో ఫోను వస్తుంది. పిల్లలు అడిగినప్పుడల్లా “బాగానే ఉన్నాను నాన్నా” అనేవారు. ఆ పిల్లలు మంచివారు. కొడుకు ఆమెను అమెరికాకు తీసుకెళ్లి ఆరు నెలలు ఉంచుకున్నాడు కూడా. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు, వీధిలో పలకరించే మనిషి కనబడడు. “అక్కడి నిశ్శబ్దం కన్నా నా ఇంటి నిశ్శబ్దమే మేలు” అని తిరిగి వచ్చేశారు.

ఒక అక్టోబరు గురువారం మేము వెళ్లేసరికి గోడమీద సంఘం క్యాలెండరు ఇంకా ఆగస్టు దగ్గరే ఉంది. పొద్దున వండిన అన్నం అలాగే మూత పెట్టి ఉంది. జాకెట్టు వదులైపోయింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోందనీ, మళ్లీ నిద్ర పట్టడం లేదనీ చెప్పారు. కీర్తన ఎత్తుకుంటే కలిసి పాడే మనిషి ఆ రోజు గొంతు కలపలేదు. “నా వల్ల ఇప్పుడు ఎవరికి ఉపయోగం? ప్రభువు తీసుకుపోతే బాగుండు” అన్నారు.

ఈ మాట మన పెద్దవారి నోట ఎన్నిసార్లు వినలేదు? సాధారణంగా “అలా అనకూడదమ్మా” అని మాట మార్చేస్తాం. ఆ రోజు మేము మాట మార్చలేదు. “అమ్మగారూ, ప్రాణం తీసుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా?” అని సూటిగానే అడిగాం. ఆమె చాలాసేపు తల దించుకొని, “రెండు మూడుసార్లు అనిపించింది” అన్నారు. అని ఏడ్చారు. అడిగినందువల్ల లేని ఆలోచన పుడుతుందని కొందరు భయపడతారు. అది నిజం కాదని వైద్యులు చెబుతారు. ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురు చూసే మనిషికి ఆ ప్రశ్నే ఊరట.

ఆ రాత్రి ఆమెను ఒంటరిగా విడిచిపెట్టలేదు. మాలో ఒకరం అక్కడే పడుకున్నాం. కూతురికి ఫోను చేస్తే తెల్లవారేసరికి బస్సు దిగింది. ముగ్గురం కలిసి మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాం. ఆయన తొందరపడలేదు. వాడుతున్న మందులన్నీ చూశారు. థైరాయిడు, బి12 విటమిను కోసం రక్త పరీక్షలు రాశారు. అవి తక్కువైనా మనిషి ఇలాగే దిగాలు పడవచ్చట. పరీక్షలు బాగానే వచ్చాయి. ఇది డిప్రెషన్ అనీ, నయమయ్యే జబ్బేననీ చెప్పి మందు రాశారు. పెద్ద వయసులో ఈ జబ్బు ఏడుపుగానే కనబడదనీ, ఆకలి పోవడం, నిద్ర చెడటం, ఒళ్లు నొప్పులు, మరపు, విసుగు రూపంలో వస్తుందనీ వివరించారు.

అసలు కష్టం ఆ తరువాత మొదలైంది. “విశ్వాసురాలికి పిచ్చి డాక్టరు ఎందుకు? ఉపవాస ప్రార్థన చేస్తే పోయేదానికి మందులెందుకు?” అని మన సంఘంలోనే కొందరు ఆమె ముఖం మీద అన్నారు. మందు మొదలుపెట్టి రెండు వారాలైనా తేడా తెలియలేదు. ఈ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని డాక్టరు ముందే చెప్పినా, ఆ మాటలు విని ఆమె మాత్రలు మానేస్తానన్నారు. తనకు విశ్వాసం లేదని దేవుని ముందు దోషిగా నిలబడినట్లు కుమిలిపోయారు.

అప్పుడు సంఘకాపరి గారు బుధవారపు కూడికలో మొదటి రాజులు 19వ అధ్యాయం తీసి ధ్యానించారు. ఏలీయా గొప్ప విజయం తరువాత అరణ్యంలో చెట్టుకింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు ఆయనను గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. ఆ తరువాతే మాట్లాడాడు. తానొక్కడినే మిగిలానన్న వానికి ఇంకా ఏడువేల మంది ఉన్నారని తెలియజేశాడు, చేయవలసిన పని అప్పగించాడు, ఎలీషాను తోడు ఇచ్చాడు. “షుగరు మాత్ర వేసుకొని ప్రార్థన చేసుకొనే మనం, మనసు జబ్బు మాత్ర వేసుకున్న వారిని ఎందుకు తప్పుపట్టాలి?” అని అయ్యగారు అడిగారు. ఆ రాత్రి ఎవరూ ఏమీ అనలేదు. ఆమె మాత్రలు మానలేదు.

ఆరు వారాలు గడిచాక ఒక గురువారం మేము తీసుకెళ్లిన పప్పుచారు రుచి చూసి, “ఇందులో ఉప్పు ఎవరు వేశారు?” అని కసిరారు. మా ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఆమెకు రుచి తిరిగి వచ్చింది.

ఆమె ఒంటరితనం తీరిపోయిందని మేము చెప్పము. రాత్రిళ్లు ఆ ఇంట్లో ఇప్పటికీ ఆమె ఒక్కరే. పండుగ మర్నాడు ఫోను చేస్తే గొంతు సన్నగా వినబడుతుంది. కాని ఆదివారపు బడి పిల్లలు ముగ్గురు శనివారం ఆమె దగ్గర పాత కీర్తనల రాగాలు నేర్చుకుంటున్నారు. సంఘంలో రోగుల పేర్లు రాసుకొని రోజూ ప్రార్థించే బాధ్యత ఆమెదే. పెద్దవారికి సేవ చేయించుకోవడం కన్నా, తమ వలన ఒక పని జరగడం ఎక్కువ బలమిస్తుందని మేము చూశాం.

2011 జనాభా లెక్కల ప్రకారమే మన దేశంలో అరవై దాటినవారు సుమారు 10 కోట్ల 40 లక్షల మంది. ఈ భారం ఏ ఒక్క కుటుంబం మోసేది కాదు. 2021లో దేశమంతటా ప్రారంభమైన పెద్దల సహాయ ఫోను 14567. మనోవేదనలో ఉన్నవారికి 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416; రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడవచ్చు. ఈ రెండూ పెద్ద అక్షరాలతో రాసి ఫోను దగ్గర అంటించండి. చనిపోవాలన్న మాట వినబడితే మాత్రం మనిషిని ఒంటరిగా విడువకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

దూరాన ఉన్న పిల్లలకు ఒక మనవి. “బాగున్నావా అమ్మా” అంటే “బాగున్నాను” అనే వస్తుంది. “మధ్యాహ్నం ఏం వండుకున్నావు? నిన్న ఎవరు వచ్చారు? రాత్రి ఎన్ని గంటలకు మెలకువ వచ్చింది?” అని అడగండి. పక్కింటివారి నంబరు, సంఘకాపరి గారి నంబరు మీ దగ్గర ఉంచుకోండి.

సంఘాలకు మరొక మనవి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఆది సంఘంలో సణుగుడు పుట్టింది సిద్ధాంతం గురించి కాదు; అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రను చిన్నచూపు చూసినందుకు. ఆ పనికోసం ఏడుగురిని ప్రత్యేకంగా ఏర్పరచారు. మన సంఘంలో ఆ ఏడుగురు ఎవరు? వరుసగా మూడు ఆదివారాలు ఏ పెద్దవారి స్థలం ఖాళీగా ఉందో చూసేవారు ఎవరు? గుడి మెట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉందా? తీసుకురావడానికి ఒక ఆటో ఉందా? ఈ నెల కమిటీ కూడికలో ఈ ప్రశ్నలు అడగండి. జవాబు లేకపోతే మీ సంఘంలోనూ ఒక నోటు పుస్తకం మొదలుపెట్టండి. ఆ పని చేయడానికి ప్రభువు మనకందరికీ ఓపికను, ప్రేమను దయచేయును గాక.