చంద్రబింబం

‘చంద్రబింబం లాంటి ముఖం’ అని మన కవులు ఆడవాళ్ళని ఎన్ని వందల ఏళ్ళుగా పొగుడుతున్నారో లెక్కలేదు. నాకు ఆ ముఖం 2011లో వచ్చింది, రోజుకి 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మాత్రలతో. డాక్టర్లు కూడా దాన్ని ‘మూన్ ఫేస్’ అనే అంటారు. కావ్యంలో అందం, కేస్‌షీట్‌లో దుష్ఫలితం! మా చుట్టాలకి మాత్రం ఈ రెండూ పట్టలేదు. “బాగా ఒళ్ళు చేశావే, అత్తారింట్లో సుఖపడుతున్నట్టున్నావ్” అంది ఒక పెద్దావిడ, పెళ్ళిపందిట్లో నలుగురి మధ్య. ఆ రోజుల్లో నేను నిద్రపట్టక, ఆకలి ఆగక, తెల్లవారుజామున మూడింటికి వంటింట్లో నిలబడి చల్ది అన్నం తింటున్నాను. నవ్వి ఊరుకున్నాను.

నా జబ్బు లూపస్. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ ఒంటి మీదికే తిరగబడుతుంది. ఈ జబ్బు వచ్చిన పెద్దవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్ళే. కీళ్ళు వాచి, జడ వేసుకోవటానికి చేతులు లేవని రోజుల్లో స్టెరాయిడ్ మొదలుపెట్టారు. మూడో రోజుకి నా జడ నేనే వేసుకున్నాను. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో, కీళ్ళవాతంతో కదల్లేని ఒక యువతికి మొదటిసారి కార్టిసోన్ ఇచ్చినప్పుడు కూడా ఇలాగే జరిగింది. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టీన్‌లకి నోబెల్ బహుమతి వచ్చింది. అదే మందు ఏళ్ళ తరబడి వాడితే ఒంటికి ఏమవుతుందో ఆ తర్వాత కొద్దికాలానికే తెలిసొచ్చింది.

స్టెరాయిడ్‌ని తిట్టటానికి ఇది రాయటం లేదు. నా మూత్రపిండాలు దక్కాయంటే దాని చలవే. దాన్ని వదలటం గురించి రాస్తున్నాను.

2024లో ఎముకల సాంద్రత పరీక్ష చేయించారు. నలభై నాలుగేళ్ళకి నా వెన్నెముక ముసలావిడ వెన్నెముకలా ఉంది. “జబ్బు అదుపులోనే ఉంది కదమ్మా, మెల్లగా తగ్గిద్దాం” అన్నారు డాక్టరుగారు. లూపస్ ఉన్నవాళ్ళకి రోజుకి 5 మిల్లీగ్రాములు దాటకుండా చూడాలనీ, వీలైతే పూర్తిగా మానిపించాలనీ యూరప్ కీళ్ళవైద్యుల సంఘం 2023లో సిఫారసు చేసింది. నేను ఏళ్ళ తరబడి 10 దగ్గరే ఆగిపోయి ఉన్నాను.

ఇది ఒకరోజు పంతం పట్టి మానేసే మందు కాదు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు మన ఒంటికి కావలసిన కార్టిసాల్‌ని తయారుచేస్తాయి. బయటి నుంచి మాత్ర వస్తుంటే అవి పని మానేసి నిద్రపోతాయి. హఠాత్తుగా మాత్ర ఆపితే, అవి లేచేలోగా బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం, నెలల తరబడి తగ్గించాలి. 10 నుంచి ఏడున్నర. ఏడున్నర నుంచి 5. ఆ తర్వాత ఒకరోజు 5, ఒకరోజు రెండున్నర. మాత్రని బ్లేడుతో సగం చేసి, రాలిన పొడిని వేలితో అద్దుకుని నాలుక మీద వేసుకునేదాన్ని.

ఏడున్నరకి దిగిన వారానికే ఒళ్ళంతా రోకలితో దంచినట్టు అయిపోయింది. జబ్బు తిరగబెట్టిందా, మందు తగ్గినందుకు ఒళ్ళు మారాం చేస్తోందా? రెండు నొప్పులూ ఒకేలా ఉంటాయి. రక్తపరీక్షలు బాగానే ఉన్నాయి. “కొన్ని వారాలు విశ్రాంతి తీసుకోండి” అన్నారు.

విశ్రాంతి! ఆ మాత్ర పొద్దున ఎనిమిదింటికి ఏదైనా తిన్నాక వేసుకోవాలి. పదమూడేళ్ళుగా నేను వేసుకున్నది పదింటికి, కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో. అందరికీ టిఫిన్లు పెట్టి, బాక్సులు కట్టి వెళ్ళేసరికి ఆ వేళయ్యేది. అత్తయ్య ఇన్సులిన్ మాత్రం ఒక్కరోజూ వేళ తప్పనివ్వలేదు.

2025 సంక్రాంతికి ఆడపడుచులు పిల్లలతో వచ్చారు. “ఈమధ్య కోడలికి దేనిమీదా మనసు లేదు” అని అత్తయ్య ఫోన్లో ఎవరితోనో అంటుంటే విన్నాను. భోగి ముందురోజు, ఎవరికీ చెప్పకుండా, మళ్ళీ 10 మింగాను. నాలుగు రోజులూ అంతే. ఒళ్ళు తేలికైపోయింది. అరిసెలు వండాను, జంతికలు వత్తాను, ఇరవైమందికి వడ్డించాను. “వదినా, మళ్ళీ మునుపట్లా అయిపోయావ్!” అంది చిన్నాడపడుచు, ప్రేమగానే.

ఆ మాట నన్ను పట్టుకుంది. మునుపటి నేనంటే ఎవరు? ఇన్నేళ్ళూ మింగిన ఆ 10 మిల్లీగ్రాముల్లో నా జబ్బుకి ఎంత, ఈ ఇంటి చాకిరీకి ఎంత? నా ఎముకలు ఏ పద్దు కింద ఖర్చయ్యాయి?

డాక్టరుగారికి తలవంచుకుని చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. “పెళ్ళిళ్ళకీ పండగలకీ ఇలా వేసుకునేవాళ్ళు నా దగ్గర చాలామంది ఉన్నారు. అందరూ ఆడవాళ్ళే” అన్నారు. నేను అడిగితే చీటీ మీద తెలుగులోనే రాసిచ్చారు: ‘ఉదయం 8 గంటలకు, కూర్చుని టిఫిన్ తిన్న తరువాత.’ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాను. మందు తగ్గాలంటే పని తగ్గాలని ఆ రాత్రి ఆయనతో చెప్పాను. “ఇన్నాళ్ళూ చెప్పలేదేం?” అన్నారు. నిజమే, చెప్పలేదు. ఆయనా అడగలేదు.

మా ఇల్లు మారిపోయిందని చెప్పను. వారానికి మూడుసార్లు కర్రీ పాయింట్ నుంచి కూరలు వస్తున్నాయి. మా అబ్బాయి బాక్సు వాడే సర్దుకుంటున్నాడు, సగం రోజులు మర్చిపోతున్నాడు. నెలరోజులు ముభావంగా ఉన్న అత్తయ్య ఒకరోజు గడియారం చూసి, “అమ్మాయ్, ఎనిమిదైంది, ముందు నువ్వు తిను” అంది. వేళకి మందు పడటమంటే ఏమిటో ఆవిడకి తెలుసు.

ఇప్పుడు రెండున్నర దగ్గరున్నాను. పొద్దుటిపూట చేసే కార్టిసాల్ పరీక్షలో అంకె ఇంకా తక్కువే. గ్రంథులు పూర్తిగా నిద్రలేవలేదు. తీవ్రమైన జ్వరం వచ్చినా, ఆపరేషన్ చేయాల్సి వచ్చినా నాకు స్టెరాయిడ్ మోతాదు పెంచాలని రాసిన కార్డు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకు తిరుగుతున్నాను. ఎప్పటికైనా సున్నాకి చేరతానో లేదో.

మొన్న ఇంకో పెళ్ళిలో అదే పెద్దావిడ కనబడింది. నా ముఖం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇలా చిక్కిపోయావేమే? ఇంట్లో ఏమైనా గొడవా?” అంది.

ఈసారి నవ్వి ఊరుకోలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, మొదటినుంచీ చెప్పాను.