మోగితే ఎత్తాలా?

ఫోన్ మోగితే నాకు చికాకు. భయం కాదు, బిడియమూ కాదు, చికాకే. తరగతిలో గంటసేపు మాట్లాడగలను, సెమినార్లలో వాదించగలను. అయినా ఫోన్ తెర మీద ఎవరి పేరైనా వెలిగితే, అది ఎంత ఇష్టమైనవాళ్ళదైనా సరే, మోత ఆగిపోయేదాకా చూస్తూ కూచుంటాను. ఆ తర్వాత 'ఏమిటి విషయం? రాయండి' అని మెసేజ్ పెడతాను. ఇందుకు నాకు దక్కిన బిరుదులు తక్కువేం కాదు. పొగరు, మొండి, 'పీహెచ్‌డీ చేసిందిగా మరి' వగైరా. ఇదే అలవాటున్న మగ సహోద్యోగిని మాత్రం 'ఆయన చాలా బిజీ అండీ' అంటారు.

ఆడవాళ్ళు ఫోన్ పట్టుకుంటే వదలరని జోకులు మనందరం విన్నవే. నేను చూసినంతలో ఆడవాళ్ళు ఫోన్‌లో ఎక్కువగా చేసేది కబుర్లు చెప్పడం కాదు, జవాబులు చెప్పడం. ఎక్కడున్నావు, ఎంతసేపట్లో వస్తావు, గ్యాస్ బుక్ చేశావా, ఆదివారం మావాళ్ళు భోజనానికి వస్తున్నారు, సరేనా? ఆ చివరిది పేరుకే ప్రశ్న. రెండు క్షణాలు ఆగామంటే అవతలినుంచి 'హలో, ఉన్నావా?' అని వినిపిస్తుంది. ఆ రెండు క్షణాల్లో 'కుదరదు' అనే మాటని కూడగట్టుకోవడం మనకెవరూ నేర్పలేదు. 'సరే' మాత్రం చిన్నప్పటినుంచీ నాలిక చివరే ఉంటుంది.

ఇది ఇవాళ్టిది కాదు. 1878లో అమెరికాలోని బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆమెని టెలిఫోన్ ఆపరేటరుగా పెట్టుకున్నారు. ఆ ఉద్యోగంలో చేరిన మొదటి స్త్రీ ఆమే. అంతకుముందు ఆ పని చేసిన కుర్రాళ్ళు జనాన్ని కసురుకునేవాళ్ళట. విసుక్కోని గొంతు కావాల్సి వచ్చి స్త్రీని వెతుక్కున్నారన్నమాట. కాగితం అలా కాదు. కనుపర్తి వరలక్ష్మమ్మ గారు 'గృహలక్ష్మి' పత్రికలో రాసిన 'శారద లేఖలు' చదివినప్పుడల్లా నాకు ముందుగా తోచేది అదే. శారద కల్పలతకి ఉత్తరం రాస్తున్నంతసేపూ మధ్యలో అడ్డొచ్చి 'అది సరేగానీ' అనేవాళ్ళు ఎవరూ లేరు.

రాతంటే చదువుకున్నవాళ్ళ సౌఖ్యం కదా, రాయలేనివాళ్ళ మాటేమిటి అని ఒక మిత్రురాలు నన్ను నిలదీసింది. సరైన ప్రశ్నే. ఆమెకి మా మేనత్త సంగతి చెప్పాను.

అత్త చదివింది ఏడో తరగతి. 2020 లాక్‌డౌన్‌లో, ఏమీ తోచక, నా దగ్గర ఫోన్‌లో తెలుగు టైపు చెయ్యడం నేర్చుకుంది. ఒత్తులు దొరికేవి కావు. కామాలు, ఫుల్‌స్టాపులు ఇప్పటికీ పెట్టదు.

తాతయ్య పోయాక ఆయనకి వాళ్ళ నాన్ననుంచి వచ్చిన పొలం మా నాన్న, బాబాయి పంచుకోవాలనుకున్నారు. దానికి అత్త హక్కు వదులుకుంటూ సంతకం పెట్టాలి. అత్త పెళ్ళి 1983లో. ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్ళకి పిత్రార్జితంలో సమాన వాటా 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చినా, అప్పటికే పెళ్ళయిపోయినవాళ్ళకి అది లేదు. 2005లో వచ్చిన కేంద్ర సవరణలో ఆ తేడా పోయింది. కూతురికి ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇదంతా అత్తకి ఎవరు చెబుతారు?

నాన్న వరండాలో కూచుని స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు. "అమ్మాయీ, శుక్రవారం రిజిస్ట్రారాఫీసుకి రావాలి. సంతకం పని ఉంది." "సరే అన్నయ్యా." అంతే. అరనిమిషం కూడా పట్టలేదు. నాన్న చెడ్డవాడు కాదు. ఏటా సంక్రాంతికి చెల్లెలికి చీర, బియ్యం పంపిస్తాడు. నన్ను ఇంతదాకా చదివించిందీ ఆయనే. చెల్లెల్ని అడగాల్సిన విషయం ఒకటుందని ఆయనకి తోచలేదు, అంతే.

ఆ రాత్రి పదిన్నరకి అత్త మెసేజ్. 'తల్లీ మీ నాన్నకి సరే అన్నాను కానీ నాకు ఇష్టం లేదు ఫోన్లో నోరు రాలేదు.' చట్టం సంగతి నాకు తెలిసినంతా రాశాను. 'ఈ మాటే ఆయనకి రాయత్తా, తొందరేం లేదు' అన్నాను.

మూడు రోజులు రాసింది. రాసిన ప్రతిసారీ నాకు పంపింది. పరిశోధన పేరుతో పాఠాంతరాలు చాలానే పోల్చి చూశాను గానీ ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చదవలేదు. మొదటిదాంట్లో 'తప్పయితే క్షమించు' మూడుసార్లు ఉంది. రెండోదాంట్లో మా తాతయ్య, నాయనమ్మ, కరువు, అత్త పెళ్ళికి చేసిన అప్పు అన్నీ వచ్చాయి. చివరిది ఇదీ: 'అన్నయ్యా శుక్రవారం రాను కాగితం నకలు పంపు నా వాటా గురించి ఆలోచించుకుని చెబుతాను.'

నాన్న అది నా ఎదురుగానే చదివాడు. వెంటనే ఫోన్ చేశాడు. అత్త ఎత్తలేదు. మళ్ళీ చేశాడు, ఎత్తలేదు. "ఏమిటే దీని ధోరణి, ఫోనెత్తదేం?" అని నన్నడిగాడు. ఇంతలో ఆయన ఫోన్‌లో చిన్న చప్పుడు. 'రాసి పంపు అన్నయ్యా.'

నాన్నకి తెలుగు టైపు చెయ్యడం రాదు. ఫోన్ నా చేతికిచ్చి, తను చెప్పేది కొట్టిపెట్టమన్నాడు.

"నీ మాట నువ్వే రాసుకో నాన్నా. ఎలా కొట్టాలో చూపిస్తాను" అన్నాను.