ముందు పదవియా, ముందు బిడ్డయా?

మలేషియా దేశమున పేరాక్ రాష్ట్రపు దిగువ ప్రాంతములో, బగాన్ దాతో వైపు తోటలలో మన తెలుగువారు తరతరములుగా నివసించుచున్న సంగతి మీ రెరిగినదే. అట్టి తోట కుటుంబమున పుట్టి, చదువుకొని, ఉపాధ్యాయినియైన యొక స్త్రీని గూర్చిన సంగతి యిది. ఆమె పేరుతో మనకు పనిలేదు. ఇట్టి యాలోచన మన యిండ్లలో ననేకులకు కలుగుచున్నది గాని, బయటికి చెప్పువారు తక్కువ.

ఆమెకు 31 సంవత్సరములు. పెండ్లియై మూడేండ్లయినది. భర్తయు ఉపాధ్యాయుడే. ఒకనాడు ప్రధానోపాధ్యాయురాలు ఆమెను పిలిచి, "అమ్మా, నీకు బడి నడుపు నేర్పు కలదు. పై పట్టము చదువుకొని, తరువాత అమీనుద్దీన్ బాకీ సంస్థలో ప్రధానోపాధ్యాయుల శిక్షణకు దరఖాస్తు పెట్టుకొనుము" అనెను. ఆ రాత్రి యామెకు నిద్ర పట్టలేదు. సంతోషముచేత కొంత, ప్రతి పండుగకును అత్తగారు అడుగు ప్రశ్న జ్ఞప్తికి వచ్చి కొంత.

ఆమె తల్లి రబ్బరు చెట్లు గీచిన స్త్రీ. చల్లని వేళనే పాలు బాగుగా కారును గనుక తెల్లవారకమునుపే హాజరు పిలుపునకు పోవలెను. చంటిబిడ్డను దుప్పటిలో చుట్టి, చీకటిలోనే ఆయా కనిపెట్టుకొనియుండు కొట్టమునకు మోసికొనిపోయి, అచట దింపి, బిడ్డ యేడ్పు వినబడుచుండగానే కత్తియు బకెట్లును తీసికొని చెట్ల వరుసలోనికి నడచెడిది. "నలుగురిని కని, దినమునకు నాలుగువందల చెట్లు గీచితిని. కూర్చుండి చేయు పనిలో నీ కేమి యడ్డము తల్లీ?" అని యామె కుమార్తె నడిగెను. అడుగుటకు ఆమెకు హక్కు కలదు. అయినను అది పూర్తి జవాబు కాదు. చెట్లు గీచు దానికి ఎక్కవలసిన పై మెట్టు లేకుండెను; బిడ్డకొరకు వదలుకొనవలసిన పదవియు లేకుండెను. కుమార్తెకు ఆ మెట్టు కనబడుచున్నది. కష్టమంతయు అచటనే.

పూర్వము కొన్ని దేశములలో ఈ ప్రశ్నకు అధికారులే జవాబు చెప్పుచుండిరి. ఇంగ్లండులో 1944వ సంవత్సరపు విద్యాచట్టము వచ్చువరకు, పెండ్లియాడిన ఉపాధ్యాయినులను పనినుండి తొలగించు స్థానికాధికారులు పెక్కుమంది. ఐర్లండు ప్రాథమిక పాఠశాలలలో అట్టి నిబంధన 1958 వరకు నిలిచెను. ఇప్పుడు పొమ్మని యెవరును చెప్పరు. ఆలస్యమైనదానిని మాత్రము వెనుక వచ్చినవారు దాటిపోవుదురు.

వైద్యులు చెప్పు లెక్క వేరొకటి. స్త్రీ పది యిరువది లక్షల అండములతో పుట్టును. ఈడేరునాటికి సుమారు 3 లక్షలు మిగులును. ముప్పది దాటినకొలది గర్భము నిలుచు శక్తి తగ్గుచుండును. 35 తరువాత మరింత వేగముగా తగ్గును, గర్భస్రావ భయమును పెరుగును. ముప్పదియైదేండ్లలోపువారు ఒక సంవత్సరము, అది దాటినవారు ఆరు నెలలు చూచి, గర్భము రానిచో వైద్యుని యొద్దకు పోవలెను, దంపతు లిద్దరును పోవలెను. మన లైను ఇండ్లలో కోడలిని మాత్రమే పంపుదురు. లోపము పురుషునియందు ఉండుటయు సామాన్యమేయని తలచువారు అరుదు.

ఒక ఆదివారము మధ్యాహ్నము భార్యాభర్తలు చిత్తుపుస్తకము తెరచి కూర్చుండిరి. ఆమె యొకవైపున వ్రాసెను: చదువునకు మూడేండ్లు, శిక్షణకు ఒకటి, క్రొత్త పదవిలో కుదురుకొనుటకు ఒకటి, అప్పటికి 36, అటుపిమ్మట బిడ్డ. పిమ్మట పెన్సిలు భర్తకిచ్చి, "మీ యేండ్లును వ్రాయండి" అనెను. అతడును పై పట్టమునకు దరఖాస్తు సిద్ధము చేసికొనియుండెను. చదువు, పదవి, సాయంకాలపు ట్యూషన్లు, ఇంటి యప్పు అన్నియు వ్రాసెను. వ్రాసి, రెండు వరుసలను చాలసేపు చూచి, "నా వరుసలో బిడ్డ లేదేమి?" అని తన్ను తానే అడిగినట్లు అనెను. ఆమె మారు పలుకలేదు.

చట్టములును ఇట్లే వ్రాయబడియున్నవి. ద్వీపకల్ప మలేషియాలో తోటలలోను ప్రైవేటు సంస్థలలోను పనిచేయువారికి 2023 జనవరి 1వ తేదీనుండి ప్రసవపు సెలవు 60 దినములనుండి 98 దినములకు పెరిగెను. ఆ దినముననే తండ్రికిని మొదటిసారి సెలవు దొరకెను. ఏడు దినములు.

ఆ సాయంకాలము వారు మరియొక పుట తిప్పి తిరిగి వ్రాసిరి. బిడ్డకొరకు ఇక ఆగకూడదు. ఆమె చదువు ఇప్పుడే మొదలుపెట్టి, ఏటికి రెండేసి పాఠ్యాంశములు చొప్పున మెల్లగా సాగించును. అతడు తన చదువును రెండేండ్లు వెనుకకు త్రోసి, ట్యూషన్లు సగమునకు తగ్గించును. ఇందువలన చేతికి వచ్చు సొమ్ము తగ్గును. అతని తోటివాడొకడు అతనికి ముందు పై పదవి నెక్కుటయు నిశ్చయమే. నష్టము లేని లెక్క యేదియు ఆ పుస్తకములో వారికి దొరకలేదు.

"మగవాని చదువు ఆపుదురటరా?" అని అత్తగారు కొడుకును నిలదీసెను.

"ఆపుట కాదమ్మా, వాయిదా. దానిని ఆగుమన్నప్పుడు నీ వీ మాట అడుగలేదు గదా" అని అతడు చెప్పెను. రెండు దినములు ఆమె వానితో మాటలాడలేదు. మూడవనాడు, బిడ్డ పుట్టినచో పగటివేళ ఎవరియొద్ద ఉంచెదరని మాత్రము అడిగెను.

వైద్యురాలు చెప్పినట్లు గర్భమునకు ముందునుండియే కోడలు దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లపు మాత్ర వేసికొనుచున్నది. దరఖాస్తులు రెండింటిలో ఆమెది విశ్వవిద్యాలయమునకు పోయినది. అతనిది బీరువాలో, పెండ్లిచీర మడతలో నున్నది.